గోడ పక్క ట్రాన్స్‌ఫార్మర్ గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన సోమవారం ప్రేయర్ అయ్యీ అవకముందే మూడో తరగతి పాప వాళ్లమ్మగారు నా గదికి వచ్చారు. ఫోన్‌లో ఒక వాట్సాప్ మెసేజ్ చూపించి, "గోడ పక్కనే ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, మా ఇంటి పక్కనుంచి హైటెన్షన్ లైన్ పోతోంది. పిల్లలకు బ్లడ్ క్యాన్సర్ వస్తుందట కదా సార్, టీసీ ఇచ్చేయండి" అన్నారు. ఆ రోజు ఏదో సర్దిచెప్పి పంపాను. తర్వాత కూర్చుని చదివాను.

ఆవిడ భయం ఊరికే పుట్టింది కాదు. అమెరికాలోని డెన్వర్‌లో నాన్సీ వర్థైమర్ అనే పరిశోధకురాలు, క్యాన్సర్‌తో చనిపోయిన పిల్లల ఇళ్లు వెతుక్కుంటూ తిరిగారు. ఎక్కువ కరెంటు మోసే తీగలు ఆ ఇళ్ల దగ్గర ఎక్కువగా కనిపించాయి. భౌతిక శాస్త్రవేత్త ఎడ్ లీపర్‌తో కలిసి 1979లో ఆ సంగతి ప్రచురించారు. అయితే అది తీగలను చూసి కట్టిన అంచనా. కరెంటు పారే తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది, దాన్ని మీటర్లతో కొలవడం ఆ తర్వాత వచ్చింది. 2000లో తొమ్మిది అధ్యయనాలను కలిపి చూస్తే, ఇంట్లో అయస్కాంత క్షేత్రం సగటున 0.4 మైక్రోటెస్లా (ఆ క్షేత్రం బలాన్ని కొలిచే యూనిట్) దాటినచోట పిల్లల్లో ల్యుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్, సుమారు రెట్టింపు కనిపించింది. అలాంటి ఇళ్లలో ఉన్న పిల్లలు నూటికి ఒక్కరు కూడా లేరు.

రెట్టింపు అన్న మాట దగ్గర నాకూ గుండె ఝల్లుమంది. కానీ ఆ అధ్యయనాలు జరిగిన దేశాల్లో ఏడాదికి ఈ జబ్బు వచ్చేది లక్షమంది పిల్లల్లో సుమారు నలుగురికి. అదీ తీగల వల్లేనని తేలలేదు. జంతువుల మీద చేసిన పరీక్షలూ దాన్ని బలపరచలేదు. బ్రిటన్‌లో లైన్లకు దగ్గరగా పుట్టిన పిల్లల్లో మొదట కనిపించిన తేడా, తర్వాతి దశాబ్దాల లెక్కల్లో మాయమైంది. లైన్లు మాత్రం అక్కడే ఉన్నాయి! 2002లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని "క్యాన్సర్‌కు కారణం కావచ్చు" అన్న వర్గంలోనే ఉంచింది, అంతకు మించి పోలేదు.

ఈ క్షేత్రం గోడల్లోంచి దూరిపోతుంది, దూరం పెరిగేకొద్దీ పడిపోతుంది. మంచం తలాపు మీటర్ బోర్డుకో ఇన్వర్టర్‌కో ఆనుకుని ఉంటే ఒక మీటరు జరపండి, ఖర్చేం లేదు. రేడియేషన్ ఆపుతాయని అమ్మే స్టిక్కర్లకు డబ్బు తగలేయకండి. వదలని జ్వరం, ఒళ్లు పాలిపోవడం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు కనిపిస్తే, పక్కన లైన్ ఉన్నా లేకపోయినా, డాక్టరుకు చూపించండి.

మన ట్రాన్స్‌ఫార్మర్‌తో నాకున్న టెన్షన్ వేరు. దాని కంచె గేటుకు తాళం లేదు, బైండింగ్ వైరుతో కట్టి వదిలేశారు. మూడుసార్లు అర్జీ పెట్టాం. శుక్రవారం ఐదో తరగతి కుర్రాడు బంతి కోసం ఆ సందులో చెయ్యి పెడుతుంటే మా అటెండర్ చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. బంతి లోపల పడితే అక్కడే వదిలేయాలి, కొత్తది స్కూలే కొనిస్తుంది. ఈ మాట ఇంట్లో కూడా ఒకసారి గట్టిగా చెప్పండి.

మీ ప్రధానోపాధ్యాయుడు