బైపాప్‌తో పాటు బీపీ మానిటర్ కూడా ఇచ్చిన మీకు

నల్లగొండలోని మా ఛాతీ వార్డుకు మాస్కు ద్వారా గాలిని నెట్టి ఊపిరికి సాయం చేసే బైపాప్ మిషన్లు రెండు, మూడు సైజుల మాస్కులు, రెండు బీపీ మానిటర్లు ఇచ్చిన అన్నలకు, అక్కలకు సిబ్బంది అందరి తరఫున చేతులెత్తి నమస్కారం. మిషన్ ఇస్తామనేవాళ్లు ఉంటారు. పక్కన బీపీ చూసేది కూడా ఉండాలని అడిగి మరీ ఇచ్చింది మీరే. అది ఎంత పెద్ద సాయమో నలుగురికీ తెలియాలి.

సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు) ముదిరినవాళ్లు దమ్ముతో వచ్చేసరికే, బయటికి పోలేని గాలి ఛాతీలో పేరుకుని ఉంటుంది. మామూలుగా ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో ఒత్తిడి తగ్గి, ఒంట్లోని రక్తం గుండెకు సులువుగా చేరుతుంది. బైపాప్ గాలిని నెడుతుంది కాబట్టి ఆ రాక తగ్గుతుంది. ఉబ్బిన ఊపిరితిత్తులు సన్న రక్తనాళాలను నొక్కితే గుండె కుడివైపు మీద ఇంకా భారం. మన ఎండల్లో నీళ్లు సరిగ్గా తాగకుండా, కాళ్ల వాపుకు మూత్రం మాత్రలు వేసుకుంటూ వచ్చినవాళ్లకైతే బీపీ టక్కున పడిపోతుంది.

అందుకే పీల్చేటప్పుడు 10, వదిలేటప్పుడు 4 ఒత్తిడితో మొదలుపెట్టి, పీల్చేటప్పటి ఒత్తిడిని రెండేసి చొప్పున పెంచుతాం. మాస్కు పెట్టకముందు బీపీ, పెట్టిన 5 నిమిషాలకు బీపీ, పెంచిన ప్రతిసారీ బీపీ. బీపీ పై అంకె 90 కిందికి వస్తే మిషన్ ఒత్తిడి దించి డాక్టర్‌ను పిలుస్తాం. సెలైన్ కావాలా, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందా అని చూస్తారు. రక్తంలో ఆక్సిజన్ 88 నుంచి 92 శాతం మధ్య చాలు. గంటకు చేసే రక్త పరీక్షలో కార్బన్ డయాక్సైడ్ దిగుతుంటే ఊపిరితిత్తుల రక్తనాళాలు కూడా సడలుతాయి, గుండెకు తెరిపి. అంటే సరిగ్గా వాడితే ఇదే మిషన్ గుండెకూ మేలు చేస్తుంది.

రోగి వెంట ఉండే అమ్మలకు, అన్నలకు ఒక మనవి: మాస్కు దగ్గరి సన్న రంధ్రాల్లోంచి గాలి పోతుంటే లీకు అనుకుని బట్ట అడ్డం పెట్టకండి. వదిలిన ఊపిరి పోయే దారి అదే.

ఇంకో సంగతి. జబ్బుతో చిక్కిపోయిన చేతికి పెద్ద పట్టీ చుడితే బీపీ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది, అది నమ్మి కావాల్సిన మిషన్ ఒత్తిడి కూడా తగ్గించేస్తాం. మీరు మానిటర్లతో చిన్న పట్టీలు కూడా పంపారు. పెట్టె విప్పి వాటిని చూసినప్పుడు మాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.