వార్షిక నివేదిక: నల్లగొండలో చిరు చేపల ప్రదర్శన

గౌరవ సభ్యులకు నమస్కారం.

మన అక్వేరియం సంఘంలో నెలవారీ మొక్కల మార్పిడి ఎప్పటిలాగే సాగింది. కొత్తగా చెప్పుకోవాల్సింది చిరు చేపల ప్రదర్శన గురించే.

పెట్టినవి మూడే రకాలు: బ్రహ్మపుత్ర పరీవాహకంలోని స్కార్లెట్ బాడిస్, బోర్నియో చిత్తడి నేలల చిల్లీ రాస్బోరా, 2006లో మయన్మార్‌లో వెలుగుచూసిన పర్ల్ డానియో. ఇవన్నీ రెండు సెంటీమీటర్లకు అటూ ఇటూ. పెద్ద తొట్టిలో వేస్తే జనం ఖాళీ తొట్టి అనుకుని ముందుకు వెళ్లిపోతారు. అందుకే 30×20×20 సెం.మీ. తొట్లు, మూడు వైపులా నల్ల చార్టు, దారంతో కట్టిన భూతద్దం. మగ బాడిస్ తొట్టికి ఒక్కటే. రెండుంటే ఓడిపోయినది రంగు వెలిసిపోయి మూలన నక్కుతుంది.

అసలు తలనొప్పి నీళ్లతోనే. మన బోరు నీళ్లంటే ఫ్లోరైడే గుర్తొస్తుంది గానీ, చిల్లీ రాస్బోరాకు గిట్టనిది వాటి కాఠిన్యం, అంటే కరిగిన సున్నం లాంటి లవణాలు. ఆర్వో ప్లాంటు నీళ్లు నాలుగు పాళ్లు, రెండు రోజులు గాలి పట్టించిన కుళాయి నీళ్లు ఒక పాలు కలిపి, పది లీటర్లకు రెండు ఎండు బాదం ఆకులు ఉడకబెట్టి వేశాం. పర్ల్ డానియోకు ఈ హంగామా అక్కర్లేదు, దాని సొంత చోట నీళ్లే కాస్త గట్టివి.

బాడిస్ పొడి మేత సాధారణంగా ముట్టదు. అందుకే ఆర్టీమియా (ఉప్పునీటి బుల్లి రొయ్యలాంటి జీవి) గుడ్లు పొదిగించి వేశాం. లీటరు నీటికి 25 గ్రాముల అయోడిన్ లేని ఉప్పు కలిపి గుడ్లు వేసి, 28 డిగ్రీల దగ్గర ఆపకుండా గాలి పెడితే ఒక రోజులో ఆర్టీమియా పిల్లలు దిగుతాయి. గాలి ఆపి అడుగున లైటు పెడితే గుల్లలు పైకి తేలతాయి, పిల్లలు వెలుతురు దగ్గర చేరతాయి. మంచినీళ్లతో కడిగాకే వేయాలి.

పొరపాట్లూ జరిగాయి. పాత స్పాంజి ఫిల్టర్లను పిండి, ఉత్త కవర్లో ఎండకు కారులో తెచ్చాం. చేపల వ్యర్థాల్లోంచి వచ్చే అమ్మోనియాను తొలగించే బ్యాక్టీరియా చచ్చిపోయింది. రెండో రోజు రెండు తొట్లలో చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచాయి, సగం నీళ్లు మార్చాకే కుదుటపడ్డాయి. స్పాంజిని తొట్టి నీళ్లలోనే ముంచి తేవాలి.

దూరం నుంచి వచ్చిన చేపల కవర్లను విప్పి గంటసేపు చుక్కలు చుక్కలుగా నీళ్లు కలపడం ఇంకో తప్పు. కవరు విప్పగానే కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పెరుగుతుంది, అంతదాకా పెద్దగా హాని చేయని అమ్మోనియం విషపు అమ్మోనియా అవుతుంది. కవరు మూసే ఉంచి ఉష్ణోగ్రత కలిశాక, వలతో తీసి ముందే సరిచూసిన నీళ్లలో వదలడం మేలు.

గాలి పంపులు బల్ల కింద పెట్టాం. కరెంటు పోగానే తొట్టి నీళ్లు పైపులోంచి జారి పంపుల్లోకి దిగాయి. ప్రతి పైపుకూ నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వులు కొన్నాం. వచ్చే ప్రదర్శనకు బ్యాటరీ పంపు ఉన్న సభ్యులు ముందుగా చెప్పగలరు.