పాత ఇంటికి కొత్త ఫర్నేసు, ఏసీ: అబ్బాయికి ఉత్తరం

హైదరాబాద్

చిరంజీవి నాన్నకు, అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

గ్యాసుతో మండి ఇంటిని వెచ్చబరిచే పాత ఫర్నేసునూ, ఏసీనీ మార్చేందుకు నువ్వు పంపిన మూడు కొటేషన్లనూ, ఇంటి కొలతలనూ, బేస్‌మెంటు ఫొటోలనూ మీ నాన్నగారూ నేనూ శ్రద్ధగా చూశాము. ఫోనులో చెబితే సగం మాటలు మరుగున పడతాయి. పైగా నువ్వు కాంట్రాక్టర్లతో మాట్లాడేటప్పుడు పక్కన పెట్టుకుని చూసుకునేందుకు వీలుగా ఉంటుందని ఉత్తరమే రాస్తున్నాను. పాలిటెక్నిక్‌లో శీతలీకరణ, ఎయిర్ కండిషనింగ్ పాఠాలు చెప్పినదానిగా నాకు ఈ విషయంలో గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. ఓహాయోలోని మీ ఇంటికీ ఇక్కడి ఇళ్ళకూ ఎంత తేడా ఉన్నా, వేడి ఒక చోటి నుంచి మరో చోటికి పోయే తీరు మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఏ కంపెనీది కొనాలని నువ్వు అడిగావు. దానికంటే ముందు, మీ ఇంటికి ఎంత సామర్థ్యం కావాలో తేలాలి. మొదటి ఇద్దరు కాంట్రాక్టర్లు ఆ లెక్క వేయనే లేదు. ఒకరు పాత యంత్రం మీది రేకు చదివి అదే సైజు రాసి ఇచ్చారు. రెండో ఆయన ఇల్లు పాతది కదా అని ఇంకో టన్ను కలిపి అయిదు టన్నుల ఏసీ చెప్పారు. మూడో ఆయన ఒక్కరే టేపు పట్టుకుని కిటికీలు కొలిచి, అటక ఎక్కి వేడిని అడ్డుకునే ఇన్సులేషన్ పొర మందం చూసి, గది గదికీ వేడి లెక్క వేశారు. అమెరికాలో ఈ లెక్కకు మాన్యువల్ జె అనే ప్రామాణిక పద్ధతి ఉంది. దాని ఫలితాన్ని బట్టి యంత్రాన్ని ఎంచుకునేందుకు మాన్యువల్ ఎస్, గాలిని గదులకు చేర్చే గొట్టాల, అంటే డక్టుల, కోసం మాన్యువల్ డి ఉన్నాయి. ఆయన ధర మిగతావారి కంటే ఎక్కువగా ఉన్నా నా మొగ్గు ఆయన వైపే.

ఆయన చెప్పిన అరవై వేల బీటీయూల (వేడికి కొలత) ఫర్నేసు సరిపోతుందా, పాతది లక్షా ఇరవై వేలది కదా అని నీకు భయంగా ఉన్నట్టుంది. ఆ భయం తీరే లెక్క నువ్వు పంపిన వివరాల్లోనే ఉంది. బయట 5 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే మైనస్ 15 సెల్సియస్‌కు, పడిపోయిన రాత్రి మీ ఫర్నేసు గంటకు సుమారు 25 నిమిషాలు మాత్రమే మండిందని గది వేడిని బట్టి యంత్రాన్ని నడిపే మీ థర్మోస్టాట్ చూపించింది. పాత యంత్రం గంటకు 1,20,000 బీటీయూల గ్యాసు తీసుకుని, 80 శాతం సామర్థ్యంతో 96,000 బీటీయూల వేడి ఇస్తుంది. అది గంటలో 25 నిమిషాలే నడిచిందంటే, అంత చలిలోనూ ఇంటికి అవసరమైనది గంటకు సుమారు 40,000 బీటీయూలే. 96 శాతం సామర్థ్యం ఉన్న అరవై వేల ఫర్నేసు 57,600 బీటీయూలు ఇస్తుంది కాబట్టి, ఇంకా చలి ముదిరితే తట్టుకునేందుకు నలభై శాతానికి పైగా వెసులుబాటు ఉంటుంది. ఇన్నేళ్ళూ అవసరానికి రెట్టింపు కంటే పెద్ద యంత్రం మీ బేస్‌మెంటులో ఉంది. కాసేపు మండి ఆగిపోవడం, మళ్ళీ మండడం, పడక గదిలో ఉక్క, ముందు గదిలో చలి అని మీరు పడుతున్న ఇబ్బందిలో చాలా భాగం దానివల్ల వచ్చినదే.

ఏసీ విషయంలో పెద్ద సైజు ఇంకా ఎక్కువ హాని చేస్తుంది. ఇక్కడ మన ఎండాకాలం పొడిగా ఉంటుంది. అందుకే మే నెలలో కూలరు హాయిగా పనిచేసి, మృగశిర కార్తె వచ్చి గాలిలో తేమ చేరగానే ఎందుకూ కొరగాకుండా పోతుంది. మీ ఓహాయోలో జూలై అంతా ఆ కూలరు పనిచేయని వాతావరణమే. అక్కడ ఏసీ చేయవలసిన పనిలో గాలిని చల్లబరచడం ఎంతో, నీటిని లాగేయడం కూడా అంతే ముఖ్యం. 1902లో విల్లిస్ క్యారియర్ బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయం కోసం తన యంత్రానికి రూపకల్పన చేసింది కూడా తేమకు కాగితం సాగి రంగుల అచ్చు పక్కకు జరగకుండా చూసేందుకే. ఏసీ లోపలి చల్లని గొట్టాల చుట్ట, అంటే కాయిల్, మీద తేమ నీటి బొట్లుగా పట్టి, కిందికి జారి, గొట్టంలోకి పోవాలంటే యంత్రం కొంతసేపు ఆగకుండా నడవాలి. అయిదు టన్నుల ఏసీ కొన్ని నిమిషాలలోనే థర్మోస్టాట్‌ను తృప్తిపరచి ఆగిపోతుంది. కాయిల్ మీద మిగిలిన తడి తిరిగి గాలిలోనే కలుస్తుంది. ఇల్లు చల్లగా ఉంటుంది, ఒళ్ళు మాత్రం జిడ్డుగానే ఉంటుంది. మూడో ఆయన లెక్క ప్రకారం వచ్చిన రెండున్నర టన్నులు, అంటే గంటకు 30,000 బీటీయూలు, మీ 1,800 చదరపు అడుగుల ఇంటికి నాకు సమంజసంగానే తోస్తున్నాయి.

డక్టుల సంగతి దీనికి ముడిపడి ఉంది. ఒక్కో టన్నుకు నిమిషానికి 350 నుంచి 400 ఘనపుటడుగుల గాలి కావాలి. అయిదు టన్నులంటే దాదాపు 2,000 ఘనపుటడుగులు. మీ ఫొటోలలో కనిపిస్తున్న గదుల గాలిని యంత్రానికి తిరిగి తెచ్చే సన్నని రిటర్న్ డక్టులో అంత గాలిని తోయాలనుకోవడం, పొలంలోని పిల్లకాలువలోకి సాగర్ గేట్లు ఎత్తడం లాంటిది. గాలిని తోసే బ్లోయరు హోరెత్తుతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది, వేసవిలో కాయిల్ మీద మంచు పేరుకుంటుంది, శీతాకాలంలో మంట వేడిని గాలికి అందించే హీట్ ఎక్స్‌ఛేంజరు అతిగా వేడెక్కి దాని ఆయువు తగ్గుతుంది. రెండున్నర టన్నులకైతే 1,000 ఘనపుటడుగులు చాలు. మూడో కొటేషన్‌లో ధర పెరగడానికి కారణమైన అదనపు రిటర్న్ డక్టు ఖర్చు నీకు దండగగా అనిపించిందని రాశావు. నా దృష్టిలో ఆ పత్రం మొత్తం మీద అన్నిటికంటే విలువైన పద్దు అదే. ఇళ్ళలో మామూలుగా డక్టుల గాలిలో 20 నుంచి 30 శాతం కీళ్ళ సందుల్లోంచి కారిపోతుందని అమెరికా ప్రభుత్వ ఎనర్జీ స్టార్ కార్యక్రమం చెబుతోంది కాబట్టి, అతుకులను మాస్టిక్ అనే జిగురు ముద్దతో మూసే పనిని కూడా అందులోనే చేర్పించు. ఒక్క జాగ్రత్త మాత్రం మరువవద్దు: 1950లలో కట్టిన ఇల్లు గనుక, డక్టుల కీళ్ళకు చుట్టిన ఆ తెల్లని పట్టీలో, పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ నార ఉండే అవకాశం ఉంది. ముక్కను పరీక్షకు పంపి ఫలితం వచ్చేదాకా దాన్ని ఎవరూ గీకవద్దు, పీకవద్దు. పాప ఆ చుట్టుపక్కల ఆడుకోకుండా చూడండి.

అటక మీద ఇన్సులేషన్ పలచగా ఉందని మూడో ఆయన రాశారు. అది ముందు వేయించి, గాలి చొరబడే సందులు మూయించి, ఆ తరువాతే లెక్కను మరోసారి వేయమని అడుగు. కావలసిన సైజు ఇంకాస్త తగ్గినా తగ్గవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చినప్పుడు మేము పై స్లాబుకు తెల్ల పూత వేయించుకున్నది కూడా ఈ ఆలోచనతోనే: ఇంట్లోకి వచ్చే వేడిని ఆపడం, వచ్చిన వేడిని యంత్రంతో తోడిపోయడం కంటే ఎప్పుడూ చవకే.

ఇక సామర్థ్యం మాట. ఫర్నేసుకు 80 శాతం, 96 శాతం అనే రెండు తరగతులలో నువ్వు తప్పకుండా రెండవదే తీసుకోవాలి. అదే వేడికి కాల్చే గ్యాసు ఆరో వంతు తగ్గుతుంది, ఆరు నెలలు చలి ఉండే ఊళ్ళో అది చిన్న మొత్తం కాదు. ఏసీకి వచ్చేసరికి లెక్క తలకిందులవుతుంది. ఇక్కడ మార్చి నుంచే ఏసీ నడుస్తుంది కాబట్టి అయిదు నక్షత్రాలది కొనమని అందరికీ చెబుతాను; మీ వేసవి చిన్నది కాబట్టి కరెంటు ఆదాను కొలిచే సీర్-2 అంకె అన్నిటికంటే ఎక్కువ ఉన్నదాని కోసం వేలకు వేలు అదనంగా పెడితే అవి తిరిగి రావడం కష్టం. అమెరికా ఉత్తరాది రాష్ట్రాలకు 2023 నుంచి కనీస అర్హత 13.4. దాని కంటే కొంచెం పైన ఉన్న మధ్యరకం తీసుకుని, మిగిలిన డబ్బు రెండు అంచెలలో మండే ఫర్నేసుకూ, వేగం మార్చుకోగల బ్లోయరుకూ పెట్టు. చలి తక్కువగా ఉన్న రోజుల్లో చిన్న మంటతో ఎక్కువసేపు నడిచే ఫర్నేసు గదులన్నిటినీ ఒకేలా ఉంచుతుంది.

96 శాతం ఫర్నేసు పొగలోని ఆవిరిని కూడా నీరుగా మార్చి దాని వేడిని లాక్కుంటుంది. అందువల్ల పొగ చల్లబడి, ఇటుక చిమ్నీతో పని లేకుండా ప్లాస్టిక్ గొట్టంలో గోడ గుండా బయటికి పోతుంది. ఆ నీటికి కొంత ఆమ్ల గుణం ఉంటుంది. అది బేస్‌మెంటు తూములోకి చేరాలి గాని, చలిలో గడ్డకట్టే బయటి గొట్టంలోకి పోకూడదు. ఇక్కడే నన్ను కలవరపెట్టిన సంగతి ఒకటి ఉంది, అది మూడు కొటేషన్లలో దేనిలోనూ లేదు. మీ గ్యాసు వాటర్ హీటరు ఇప్పుడు ఫర్నేసుతో పాటు అదే చిమ్నీని వాడుకుంటోంది. ఫర్నేసు పొగ తప్పుకున్నాక, అంత వెడల్పైన చిమ్నీని వెచ్చబరచడం చిన్న వాటర్ హీటరు వల్ల కాదు. పొగ మధ్యలోనే చల్లబడి, తడి పట్టి ఇటుకలను తినేస్తుంది. ఇంకా ప్రమాదం ఏమిటంటే, పైకి పోవలసిన పొగ వెనక్కి తిరిగి ఇంట్లోకి రావచ్చు. అందులో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది, దానికి రంగూ వాసనా ఉండవు. చిమ్నీ లోపల తగిన కొలత గల లోహపు గొట్టం దింపించాలి, లేకపోతే ఫ్యానుతో పొగను బయటికి తోసే వాటర్ హీటరు పెట్టించాలి. ఏది చేస్తారో రాసి ఇవ్వకుండా నువ్వు సంతకం పెట్టవద్దు. పడక గదుల దగ్గరా, ప్రతి అంతస్తులోనూ కార్బన్ మోనాక్సైడ్ అలారాలు ఈ వారమే పెట్టించు. కొత్త యంత్రం వచ్చేదాకా ఆగవద్దు. హీట్ ఎక్స్‌ఛేంజరు పగిలిందని రెండో కాంట్రాక్టరు అన్నారు కదా, ఆ పగులు కెమెరాతో చూపించమని అడుగు. అమ్మకం కోసం భయపెట్టేవాళ్ళూ ఉంటారు, నిజంగా పగిలినవీ ఉంటాయి. ఏది నిజమో తేలేదాకా ఆ ఫర్నేసు నడపకపోవడమే మంచిది.

పాత ఏసీలో చల్లదనం కోసం నింపిన ఆర్-22 వాయువు తయారీ, దిగుమతి మీ దగ్గర 2020 జనవరి 1తో ఆగిపోయాయి. ఆ ఏసీని బాగుచేయించడంలో అర్థం లేదు. ఆ తరువాత వచ్చిన ఆర్-410ఏతో ఇళ్ళకు కొత్త ఏసీలు తయారు చేయడం కూడా 2025 జనవరి 1 నుంచి ఆపేశారు. గోదాములో మిగిలిన సరుకును తగ్గింపు ధరకు ఇస్తామన్నా ఆశపడకుండా ఆర్-32 గాని, ఆర్-454బి గాని ఉన్నదే అడుగు. వీటికి కొద్దిగా మండే గుణం ఉందని భయపెడతారేమో. మన హాల్లోని ఏసీలో ఉన్నదీ ఆర్-32నే. పాత రాగి గొట్టాలలో ఆర్-22 కాలం నాటి నూనె ఉంటుంది కాబట్టి వీలైతే వాటినీ మార్పించు.

ఏసీకి బదులు హీట్ పంపు పెట్టుకోమని మూడో ఆయన చివర్లో ఒక మాట రాశారు, దాన్ని తేలిగ్గా తీసివేయవద్దు. అది వేసవిలో ఏసీ లాగానే పనిచేస్తుంది, చలి తక్కువగా ఉన్న అక్టోబరు, నవంబరు, ఏప్రిల్ నెలల్లో తిరగబడి ఇంటికి వేడి ఇస్తుంది. చలి బాగా ముదిరినప్పుడు గ్యాసు ఫర్నేసు అందుకుంటుంది. లాభమా కాదా అన్నది మీ బిల్లులే చెబుతాయి. ఒక థర్మ్ (గ్యాసు బిల్లులో వాడే కొలత) గ్యాసు ఈ ఫర్నేసులో 96,000 బీటీయూలు ఇస్తుంది. ఒక యూనిట్ కరెంటు, హీట్ పంపు మూడింతలు వేడి ఇచ్చే వాతావరణంలో, సుమారు 10,200 బీటీయూలు ఇస్తుంది. అంటే ఒక థర్మ్ ధర తొమ్మిదిన్నర యూనిట్ల కరెంటు ధర కంటే ఎక్కువైతే హీట్ పంపుది పైచేయి, తక్కువైతే గ్యాసుది. పన్నుల సీజను ముగిసేలోగా కొంటే కేంద్ర ప్రభుత్వ రాయితీ వస్తుందని మొదటి కాంట్రాక్టరు చెప్పిన మాట నమ్మవద్దు. ఆ రాయితీ 2025 డిసెంబరు 31 లోపు బిగించినవాటికే. మీ గ్యాసు, కరెంటు కంపెనీలు ఏమైనా ఇస్తాయేమో నేరుగా వాటినే అడుగు.

కంపెనీ పేరు గురించి ఇంత ఆలస్యంగా రాయడానికి కారణం ఉంది. క్యారియర్, బ్రయంట్ ఒకే సంస్థవి. ట్రేన్, అమెరికన్ స్టాండర్డ్ కూడా అంతే. గుడ్‌మన్, అమానా రెండూ డైకిన్ చేతిలో ఉన్నాయి. ఏది కొన్నా యంత్రం నాసిరకంగా ఏమీ ఉండదు, బిగించే చేయి నాసిరకంగా ఉంటే మాత్రం ఏదీ నిలవదు. రాగి గొట్టాలు అతికేటప్పుడు లోపల నైట్రోజన్ పారిస్తారా, వాయువు వదిలే ముందు గొట్టాల్లోని గాలిని లాగేసి 500 మైక్రాన్ల (ఇక్కడ ఒత్తిడికి కొలత) లోపు వ్యాక్యూమ్ తీస్తారా, పని అయ్యాక డక్టులో గాలి ఒత్తిడి కొలిచి అంకె రాసి ఇస్తారా అని అడుగు. నగర పాలక సంస్థ అనుమతి తీసుకోకుండా పని మొదలుపెడతామనేవారిని ఇంట్లోకి రానివ్వవద్దు.

ఫర్నేసు అవసరం తగ్గుతూ, ఏసీ అవసరం ఇంకా మొదలుకాని ఈ రోజుల్లో కాంట్రాక్టర్లకూ తీరిక ఉంటుంది కాబట్టి తొందరపడకు. మూడో ఆయనతో చిమ్నీ సంగతి, డక్టుల అతుకులు, ఇన్సులేషన్ తరువాతి లెక్క, హీట్ పంపుతో కలిపిన ధర, కలపనిది, అన్నీ విడివిడిగా రాయించుకుని, సంతకం చేసే ముందు ఆ కాగితాలు నాకు పంపు. గది గది లెక్క కూడా జతచేయమను. పడమటి కిటికీల అంకె ఒకటి నాకు ఎక్కువగా కనిపిస్తోంది, అది సరిచూడాలి.

అమ్మాయికీ పాపకూ మా ఆశీస్సులు.

ఇట్లు,
మీ అమ్మ