వేడి ఆవిర్లకు మూలం మెదడులో ఉంది

సంపాదకులకు నమస్కారం.

వార్ధక్యంపై మీ ఆరోగ్య పేజీలో వచ్చే వ్యాసాలు ఎక్కువగా ఎముకలు, గుండె, జ్ఞాపకశక్తి గురించే ఉంటున్నాయి. హార్మోన్లను నడిపించే, మెదడు అడుగుభాగంలోని హైపోథాలమస్ కణాలు వయసుతో ఎలా మారతాయో కూడా పాఠకులకు తెలియాలి. ఆ సంగతి తెలియకపోవడం వల్లే, నెలసరి ఆగే వయసులో ఉన్నట్టుండి ఒంట్లో వేడి ఆవిర్లు, చెమటలు వచ్చే ఎందరో స్త్రీల బాధ తేలిక మాటలకు గురవుతోంది.

సంతానోత్పత్తి వ్యవస్థను కదిలించే జీఎన్‌ఆర్‌హెచ్ హార్మోన్‌ను విడుదల చేసే నాడీకణాలు మనిషి మెదడులో కొన్ని వేలకు మించవు. అవి పిండదశలో ముక్కు ప్రాంతంలో పుట్టి మెదడులోకి వలస వస్తాయన్నది నాకు ఇప్పటికీ అబ్బురమే. ఆ హార్మోన్ విడతలు విడతలుగా విడుదలయ్యేలా లయను అందించేవి కిస్‌పెప్టిన్‌, న్యూరోకైనిన్-బి అనే రెండు సంకేత రసాయనాలనూ తయారుచేసే మరికొన్ని కణాలు. వాటిని అదుపులో ఉంచేది స్త్రీ హార్మోన్ అయిన ఈస్ట్రోజెన్. నెలసరి ఆగిపోయి ఈస్ట్రోజెన్ పడిపోయాక ఈ కణాలు క్షీణించిపోతాయని అనుకుంటాం కానీ, జరిగేది అందుకు విరుద్ధం: అవి పరిమాణంలో పెరిగి, మునుపటికన్నా ఉద్ధృతంగా పనిచేస్తాయి. మరణించిన స్త్రీల మెదడు కణజాలాన్ని పరిశీలించి శాస్త్రవేత్త నవోమీ రాన్స్ బృందం 1990లలోనే ఈ మార్పును వెల్లడించింది. శరీర ఉష్ణోగ్రతను నియంత్రించే ప్రాంతానికి ఈ కణాల నుంచి సంకేతాలు అందుతాయి కనుక, అవి అతిగా స్పందించినప్పుడు ఒంట్లో వేడి పెరగకపోయినా పెరిగినట్టే భావించి మెదడు చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేసి, చెమట పట్టిస్తుంది; వేడి ఆవిర్లంటే ఇవే. ప్రొస్టేట్ క్యాన్సర్ చికిత్సలో పురుష హార్మోన్ అయిన టెస్టోస్టిరాన్‌ను అణచివేసినప్పుడు పురుషుల్లో చాలామందికి ఇవే ఆవిర్లు వస్తాయి.

అందువల్ల అర్ధరాత్రి తడిసిన బట్టలతో మేలుకునే స్త్రీకి "అంతా నీ ఊహ", "ఈ వయసులో మామూలే" అని చెప్పి పంపేయడం అన్యాయం. ఇది ఏళ్ల తరబడి నిద్రను, పనిని దెబ్బతీయగలదు. న్యూరోకైనిన్-బి సంకేతాన్ని అడ్డుకునే ఫెజోలినెటాంట్ అనే మందుకు 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. ఇందులో ఈస్ట్రోజెన్ లేదు కాబట్టి హార్మోన్ చికిత్స పనికిరానివారికి ఇదొక దారి. అయితే అరుదుగా కాలేయం తీవ్రంగా దెబ్బతినవచ్చన్న హెచ్చరిక దీనికి ఉంది. రక్తపరీక్షలు, వైద్యుల పర్యవేక్షణ తప్పనిసరి.

ఈ విషయంపై ఎండోక్రైనాలజీ (హార్మోన్ల వైద్యం), స్త్రీవైద్య నిపుణులతో వివరమైన వ్యాసాలు రాయించి, పాఠకుల సందేహాలకు వారితో జవాబులు చెప్పించవలసిందిగా కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు