ఆయాసం పంపు మానొద్దని గర్భిణికి ఎవరు చెప్పాలి?

సంపాదకులు గారికి,

మీ పేపర్లో రోజూ ఎనుమాముల మార్కెట్ మిర్చి ధర వేస్తారు. ఆ మిర్చిని ఏరే ఆడవాళ్ల గురించి ఈ ఉత్తరం. నేను వరంగల్‌లో ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తాను. సీజన్లో బస్తా విప్పి కుప్ప పోస్తే చాలు, పక్కనున్నవాళ్లకు తుమ్ములు, దగ్గు. ఆ ఘాటులోనే వీళ్లు ముక్కుకు కొంగు చుట్టుకుని తాలు కాయలు ఏరుతుంటారు.

పోయినేడు వాళ్లలో ఒకామెకు ఏడో నెల. చిన్నప్పటి నుంచీ ఆయాసం (ఆస్తమా). మందు పీల్చే పంపు (ఇన్‌హేలర్) వాడేది. ‘కడుపుతో ఉన్నావు, మందు బిడ్డకు తగులుతుంది’ అని అత్త మాన్పించింది. ఒక మధ్యాహ్నం కాంటా పక్కన గోడకు ఆనుకుని, భుజాలు ఎగరేస్తూ, నోట మాట రాక చెయ్యి మాత్రం ఊపింది. ఆటోలో దవాఖానాకు పంపాం.

తల్లికి ఉంటే బిడ్డకు ఆయాసం వచ్చే ముప్పు ఎక్కువ. అది వంశం ఒక్కటే కాదు. గర్భిణులకు ధనుర్వాతం సూది ఎందుకు వేస్తారు? తల్లి రక్తంలోని యాంటీబాడీలు మాయ దాటి బిడ్డను కాపాడతాయని. మాయ మంచినే మోస్తుందని లేదు కదా. తల్లి ఒంట్లో అలర్జీ రేగితే వెలువడే సంకేతాలు కడుపులోని పిల్లల ఊపిరితిత్తులనూ అలర్జీ వైపే మళ్లిస్తాయని ఎలుకల్లో చూశారు. మనుషుల్లో అంత సూటిగా రుజువు కాలేదు. కానీ గర్భంలో ఉండగా పొగాకు పొగ తగిలిన పిల్లలకు పిల్లికూతలు ఎక్కువన్నది మాత్రం పక్కా. అయినా ఇంట్లో బీడీ కాల్చే మొగుడిని ఎవరూ ఏమీ అనరు. బిడ్డకు ఆయాసమొస్తే తల్లి ఏం తిన్నదని అడుగుతారు.

మిర్చి ఘాటుతో కడుపులో బిడ్డకు ఆస్తమా వస్తుందని నేననడం లేదు. ఉన్న ఆయాసాన్ని అది రేపుతుంది. తల్లికి ఊపిరందకపోతే బిడ్డకూ ఆక్సిజన్ తగ్గుతుంది. బుడెసొనైడ్ అనే మందు ఉండే పంపు గర్భిణులు వాడొచ్చని డాక్టర్లు ఏళ్లుగా చెబుతున్నారు. మానేస్తేనే ప్రమాదం.

ప్రతి నెలా 9న సర్కారు దవాఖానాల్లో గర్భిణులకు బీపీ, రక్తం, షుగర్ చూస్తారు. ఆ వరుసలోనే ఆయాసం ఉందా, పంపు ఎందుకు మానేశావు అని కూడా అడగాలి. అత్త వెంట వస్తే ఆమెకూ చెప్పాలి. ఈ పంపులు దేశ అత్యవసర మందుల జాబితాలో ఉన్నవే, పీహెచ్‌సీలో అడిగినప్పుడు దొరకాలి.

మా అడ్తిదారులకూ ఒక మాట. కడుపుతో ఉన్న కూలీని కుప్ప దగ్గర కూర్చోబెట్టకండి. గేటు దగ్గర చీటీలిచ్చే పని అప్పజెప్పండి, కూలి తగ్గించకుండా.

— ఒక గుమస్తా, వరంగల్