ఈఈ గారికి బహిరంగ లేఖ: మైసమ్మ గుంతనన్నా పూడ్పించండి

గౌరవనీయులైన ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు గారికి నమస్కారాలు.

సార్, మా ఊరి రోడ్డు గురించి కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో మూడు సోమవారాలు దరఖాస్తులు ఇచ్చాను. మీ ఆఫీసుకు వచ్చి రెండుసార్లు ఇన్‌వార్డులో ముద్ర వేయించుకుపోయాను. ఆ ఐదు కాగితాల జిరాక్సులు నా దగ్గర ఉన్నాయి. ఒక్కదానికి కూడా రాతపూర్వకంగా జవాబు రాలేదు. నాలుగోసారి ప్రజావాణికి పోదామని ఆటో ఎక్కుతుంటే ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, మీ ఫిర్యాదు పరిష్కరించబడింది అని. ఆ మెసేజ్ చదివినప్పుడు నేను మా రోడ్డు మీదనే, గుంతలో దిగబడ్డ ఆటోను నెడుతున్నాను. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు. క్రాస్‌రోడ్డు నుంచి ఊళ్లోకి 4 కిలోమీటర్లు. 2023 సెప్టెంబరులో, ఎన్నికల కోడ్ వచ్చేలోపు అయిపోవాలని రెండు రాత్రుల్లో డాంబర్ వేసేశారు. రెండో రాత్రి నేను అక్కడే ఉన్నాను. ఆ రాత్రి ఏం జరిగిందో మీకు చెప్పాలి, ఎందుకంటే నేను పదహారేళ్లు డాంబర్ పని చేసినవాణ్ణి.

కల్వకుర్తి దిక్కు గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని నేను, నా భార్య జోడీగా పోయినం. పుణె, షోలాపూర్, బీజాపూర్, ఎక్కడ పని ఉంటే అక్కడ గుడిసె. కాళ్లకు గోనెపట్టాలు చుట్టుకుని వేడి మాలు, అంటే డాంబర్ కలిపిన కంకర, పరిచేవాళ్లం. నా భార్యది దుమ్ము ఊడ్చే పని. ముందు తీగల బ్రష్షుతో గీకి, తర్వాత పొరకతో ఊడ్చి, ఆఖరుకు గోనెసంచితో కొట్టి విదిలించాలి. కంకర రాయి మొహం కనిపించేదాకా అక్కడి ఇంజినీరు ప్రైమ్ కోట్, అంటే డాంబర్ మొదటి పూత, కొట్టనిచ్చేవాడు కాదు. దుమ్ము మీద కొట్టిన డాంబర్ ఆ దుమ్మునే అంటుకుంటుంది, నాలుగు వానలకు అట్టులాగా లేచి వస్తుంది అనేవాడు. టిప్పర్ రాగానే మాలులో థర్మామీటరు గుచ్చి చూసేవాడు. ప్లాంటులో 150, 160 డిగ్రీల మీద కలిపిన మాలు, పరిచేటప్పుడు 140కి తగ్గొద్దు. 90కి పడిపోయేలోపు రోలర్ తిరగడం అయిపోవాలి. ఇవన్నీ మీకు తెలిసినవే, మీరు చదువుకున్నవే. నేను మాత్రం కాళ్లు కాల్చుకుని నేర్చుకున్నాను. పట్టా కప్పకుండా వచ్చిన ఒక టిప్పర్‌ను ఆ ఇంజినీరు మాలుతో సహా వెనక్కి పంపించడం నా కళ్లతో చూశాను.

మా ఊరి రోడ్డు వేసిన రాత్రి తుంపర పడుతోంది. కంకర మీద ఎర్రమట్టి అట్లాగే ఉంది, ఒక్క పొరక ఆడలేదు. టిప్పర్ మీద పట్టా లేదు. మాలు దించితే పొగ లేవలేదు. నాకు అనుమానం వచ్చి ఒంగి పిడికెడు మాలు చేతిలోకి తీసుకున్నాను. చెయ్యి కాలలేదు సార్. పదహారేళ్లలో రోడ్డు మీద పరిచే మాలును ఒట్టి చేత్తో పట్టుకున్నది అదే మొదటిసారి. గోరువెచ్చగా, కట్టిన పెరుగులాగా గడ్డలు గడ్డలుగా ఉంది. సూపర్‌వైజర్‌ను అడిగితే, నీకెందుకు, పోయి పండుకో అన్నాడు. మీ శాఖ మనిషి ఒక్కరన్నా ఉన్నారా అని చీకట్లో ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచి చూశాను. ఎవరూ లేరు. పొద్దున ఊరంతా నల్లటి రోడ్డు చూసి సంబరపడింది. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది అని ఇప్పటికీ బాధపడుతుంటాను.

మొదటి వానాకాలానికే పెచ్చులు లేచాయి. రోడ్డుకు మధ్యలో ఎత్తు, పక్కలకు వాలు పెట్టలేదు కాబట్టి నీళ్లు నడిమధ్యలోనే నిలిచాయి. డాంబర్‌కు నీళ్లకంటే పెద్ద శత్రువు లేదని మీకు నేను చెప్పాలా? అంచులకు మొరం కొట్టలేదు, వరికోత మిషన్లు, బత్తాయి లోడు డీసీఎంలు దిగి ఎక్కేసరికి అంచులు బిస్కెట్ లాగా విరిగిపోయాయి. రెండో ఏడాదికి గుంతలకు పేర్లు కూడా పడ్డాయి. తుమ్మచెట్టు గుంత, మోరీ గుంత, అన్నిటికంటే పెద్దది మైసమ్మ గుడి ముందరి గుంత. ఆటోవాళ్లు ఫోన్ చేసి, మైసమ్మ గుంత దాకా వచ్చిన, మీరే నడిచి రండి అంటారు. క్రాస్‌రోడ్డు నుంచి మనిషికి 20 రూపాయలు తీసుకునేవాళ్లు ఇప్పుడు 40 అడుగుతున్నారు. వాళ్లను ఏమనాలి? స్ప్రింగులు విరిగితే డబ్బులు వాళ్ల జేబులోంచే పోతాయి కదా. బస్సు ఎప్పుడో బంద్ అయింది. ఆడవాళ్లకు ఉచిత బస్సు అన్నారు, సంతోషం. కానీ ఆ జీరో టికెట్ కోసం మా ఆడవాళ్లు 40 రూపాయలు ఆటోకు పెట్టి క్రాస్‌రోడ్డుకు పోవాలి.

మా అవ్వ సంగతి చెప్పకుండా ఈ లేఖ ముగించలేను. ఆమెకు డెబ్బై దాటాయి. మా దిక్కు ఫ్లోరైడ్ నీళ్ల గురించి దేశమంతా తెలుసు. బోరింగు నీళ్లు తాగి తాగి అవ్వ నడుము వంగిపోయింది, మెడ తిరగదు, మోకాళ్లు పూర్తిగా ముడుచుకోవు. ఇప్పుడు నల్లాలో కృష్ణా నీళ్లు వస్తున్నాయి గానీ, ముందే బిగుసుకుపోయిన ఎముకలకు ఆ నీళ్లు ఏం చేస్తాయి? నెలకోసారి ఆమెను నల్లగొండ ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఆటో సీటు మీద బొంత నాలుగు మడతలు వేసి, దాని మీద ఒక దిండు పెట్టి కూర్చోబెడతాం. ఆమె రెండు చేతులతో పైనున్న ఇనుప రాడ్డు పట్టుకుని తనను తాను కొద్దిగా పైకి లేపుకుంటుంది, కుదుపు వెన్నులోకి పోవద్దని. 4 కిలోమీటర్లూ అట్లాగే వేలాడుతుంది. మైసమ్మ గుంత వచ్చేసరికి, నన్ను దించు బిడ్డా, నడుస్తా అంటుంది. నడవలేని మనిషి నడుస్తా అంటే, ఆ కుదుపు ఎట్లా ఉంటుందో మీరే ఆలోచించండి. ఆసుపత్రి నుంచి వచ్చాక రెండు రోజులు మంచం దిగదు. పోయిన నెల రానని మొండికేసింది. నొప్పికి మందు తెచ్చుకోవడానికి పోతే నొప్పి పెరుగుతుంది, ఎందుకు పోవుడు అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉందా సార్?

పరిష్కరించబడింది అని మీరు పంపిన మెసేజ్ వెనక సంగతి కూడా చెబుతాను. రెండు ట్రాక్టర్ల మొరం తెచ్చి గుంతల్లో పోసి, ఫోటోలు తీసుకుని పోయారు. డాంబర్ గుంతలో మొరం పోస్తారా? చుట్టూ చతురస్రంగా కోయాలి, లోపల దుమ్ము ఊడ్వాలి, డాంబర్ పూయాలి, మాలు నింపి గట్టిగా కుదించాలి. నేను కొన్ని వందల గుంతలు అట్లా పూడ్చాను. మొరం ఒక్క వానకు బురదై, దాని కింద గుంత ఇంకా లోతుగా తేలింది. ఇప్పుడు అందులో మైలురాయి అంత బండరాయి పెట్టి ఎర్రగుడ్డ కట్టాం, రాత్రిపూట బండివాళ్లు పడిపోవద్దని.

ఇది ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన రోడ్డు. వేసిన కాంట్రాక్టరే 5 ఏళ్లు బాగోగులు చూడాలి. అంటే 2028 దాకా బాధ్యత అతనిదే. మా సర్పంచ్ ఫోన్ చేస్తే కాంట్రాక్టర్ బిల్లులు రాలేదంటాడు. మీ ఆఫీసులో అడిగితే నోటీసు ఇచ్చామంటారు. నోటీసు ఇస్తే గుంత పూడుతుందా సార్? అతను చెయ్యకపోతే అతని డిపాజిట్‌లోంచి మీరు చేయించలేరా? ఆ రాత్రి మాలు వేడి ఎంతో ఎవరన్నా చూశారా, చూస్తే ఏ రిజిస్టర్‌లో రాశారు? రోడ్డు మొత్తం అక్కడక్కడా కోర్ కటింగ్ తీయించి, అంటే మిషన్‌తో గుండ్రంగా ముక్కలు కోయించి, డాంబర్ మందం ఎంత ఉందో ఊరోళ్ల ముందు చూపించండి. కొన్నిచోట్ల 20 మిల్లీమీటర్లు ఉండదు, నేను వేలు పెట్టి చూశాను.

ఇంతకంటే గట్టిగా మాట్లాడటం నాకు రాదు. మీమీద కోపం లేదని అంటే అబద్ధం అవుతుంది. కోపం ఉంది. కానీ కోపంతో అవ్వ నడుము బాగుపడదు. ఇప్పుడు ఎండలు మొదలయ్యాయి, డాంబర్ పనికి ఇదే సీజన్. మృగశిర వచ్చిందంటే మళ్లీ ఏడాది పోతుంది. మొత్తం రోడ్డు ఇప్పుడే కాదంటే, కనీసం ఒక టిప్పర్ వేడి మాలు, ఒక రోలర్ పంపండి. మనుషులను మేమే పెట్టుకుంటాం. దుమ్ము ఊడ్వడానికి నా భార్య వస్తానంది, పొరక కూడా మాదే. మీ అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) గారు పక్కన నిలబడి థర్మామీటరు గుచ్చితే చాలు.

అవ్వను ఆసుపత్రికి రమ్మన్న తేదీ వచ్చే నెల 12. ఆలోపు మైసమ్మ గుంత ఒక్కటన్నా పూడ్పించండి సార్.

ఇట్లు,
మర్రిగూడ దిక్కు ఊరి నుంచి ఒక డాంబర్ కూలీ