రాజీ అయింది, రాజీ కాలేదు: ఈ రెండు గడుల మధ్య మాకు చదువు కావాలి మంత్రి గారూ

రాష్ట్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి కడప నుంచి నమస్కారం సార్.

ఆరేళ్ళ నుంచి ఈ జిల్లాలో ఒక కౌన్సెలింగ్ సెంటర్లో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నా. మొగుడూ పెళ్ళాల గొడవ, అత్తాకోడళ్ళ గొడవ, పెళ్ళయి మూన్నెల్లు కాకముందే పిల్ల పుట్టింటికొచ్చేసిందని, పదో తరగతి పిల్లోడు నాయనతో మాట మానేశాడని, అన్నీ మా టేబుల్ దగ్గరికే వస్తాయి. జీతాల గురించి అనుకునేరు, అది ఇంకోసారి రాస్తా. ఇప్పుడు చెప్పేది ఒకటే, నాకు ఈ పని సరిగ్గా రాదు సార్. ఎవరూ నేర్పలేదు, నేర్చుకుందామంటే మా పక్క చోటు లేదు.

డిస్టెన్స్‌లో ఎం.ఏ. సైకాలజీ చేశా. ఫ్రాయిడ్ దగ్గర్నుంచి స్టాటిస్టిక్స్ దాకా అన్నీ చదివా, ఫస్ట్ క్లాస్ కూడా వచ్చింది, కానీ ఆ రెండేళ్ళలో ఒక్కరోజు కూడా భార్యాభర్తల్ని ఎదురుగా కూర్చోబెట్టుకొని ఎట్లా మాట్లాడాలో ఎవరూ చేసి చూపించలా. ఉద్యోగంలో చేరినాక మూడు రోజుల ట్రైనింగ్ పెట్టారు, అందులో ఒక రోజు జ్యోతి ప్రజ్వలనకీ గ్రూప్ ఫోటోకీ పోయింది, భోజనం మాత్రం బాగుండింది. నాలుగో రోజు నుంచి కేసులు.

మా దగ్గర ఒక రిజిస్టర్ ఉంటుంది. పేర్లు, ఊరు, ఫిర్యాదు రాసినాక చివర్లో రెండు గడులు, రాజీ అయింది, రాజీ కాలేదు. మూడో గడి లేదు. నెలాఖరున పైనుంచి ఫోన్ వస్తే అడిగేది మొదటి గడిలో టిక్కులెన్ని అనే. దాంతో మేమూ టిక్కుల వెంటే పడతాం, "సర్దుకుపోమ్మా, పిల్లల మొహం చూడు" అని ఆమెకీ, "నువ్వు కూడా కొంచెం తాగుడు తగ్గించు నాయనా" అని ఆయనకీ చెప్పి ఇద్దరితో సంతకం పెట్టించుకుంటే ఒక టిక్కు. దీనికి ఎం.ఏ. ఎందుకు సార్, మా వీధిలో చీటీలు కట్టించుకునే అక్క ఇంతకన్నా బాగా చేస్తుంది.

ఒక కేసు చెప్తా. ఊరు చెప్పను, కొన్ని గుర్తులు మార్చి రాస్తున్నా. నాలుగేళ్ళ కింద ఒక జంట వచ్చారు. ఆయన తెల్ల చొక్కా, భలే మర్యాదస్తుడు, కూర్చునే ముందు టేబుల్ ఫ్యాను నా కుర్చీ వైపు తిప్పాడు. ఆమె పక్కనే కొంగు అంచు వేలికి చుట్టుకుంటా విప్పుకుంటా కూర్చుంది. ఫారంలో ఉన్న ప్రశ్నలన్నీ వరసగా అడుక్కుంటా పోయినా, అందులో ఒకటి కొట్టడం గురించి. "మీ ఆయన చెయ్యి చేసుకుంటాడామ్మా" అన్నా. కొంగు చుట్టడం ఆగిపోయింది. ఆయన వైపు చూడలా, నా వైపూ చూడలా, టేబుల్ మీద గమ్ డబ్బా ఉంటే దాని వైపు చూసి "లేదు మేడమ్" అంది. నేనూ "లేదు" అని రాసుకున్నా. గంటలో రాజీ అయిపోయింది, టిక్కు పడింది.

మూడు వారాలకు ఒక పొద్దున నేను పోయేసరికి ఇంకా తాళం తియ్యలేదు, ఆమె మెట్ల మీద ఒక్కతే కూర్చొనుంది. ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకొనుంది, మణికట్టు వాచిపోయుంది. నన్ను తిడుతుందేమో అనుకున్నా, తిట్టలా. "ఆ పొద్దు మీరు ఆయప్ప ముందరే అడిగితిరి గదా మేడమ్, నేనేమని చెప్పేది" అంది, అంతే.

ఈ పని పద్ధతిగా నేర్పే చోట ఇది మొదట్లోనే చెప్పే పాఠం అని నాకు తర్వాత తెలిసింది. ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టే ముందు ఒక్కొక్కర్నీ విడిగా చూడాలి, కొట్టడం సంగతి విడిగానే అడగాలి, కొడుతున్నాడని, ఆమె భయంతో బతుకుతోందని తెలిస్తే కలిపి కూర్చోబెట్టడం ఆపి ఆమె ప్రాణం సంగతి ముందు చూడాలి. 2005 గృహహింస చట్టానికి 2006లో రూల్స్ వచ్చాయి కదా, కౌన్సెలింగ్‌లో ఆ మనిషి తను చేసిన హింసకు సాకులు చెప్పుకోడానికి వీల్లేదని వాటిలోనే ఉంది. నేను ఆ రూలు చదివింది ఆమె మెట్ల మీద కూర్చున్న రోజు రాత్రి.

అమెరికాలో దీనికి విడిగా ఒక వృత్తే ఉంది సార్, మ్యారేజ్ అండ్ ఫ్యామిలీ థెరపిస్ట్ అంటారు. కాలిఫోర్నియాలో 1963 నుంచే లైసెన్సు ఉంది. మాస్టర్స్ డిగ్రీతో పాటు 3,000 గంటలు, తక్కువలో తక్కువ 104 వారాలు, సీనియర్ల కింద పనిచెయ్యాలి, అందులో కనీసం 500 గంటలు జంటలతో, కుటుంబాలతో, పిల్లలతో చేసినవై ఉండాలి, ఆ తర్వాత పరీక్షలు పాసైతేనే సొంతంగా బోర్డు పెట్టుకోనిస్తారు. మనకూ 3,000 గంటలు పెట్టమని నేను అనట్లేదు. నన్ను పట్టుకున్నది వాళ్ళు వాడే అద్దం. ఈ వైపు నుంచి చూస్తే అద్దం, అవతల నుంచి చూస్తే కిటికీ. కుటుంబానికి ముందే చెప్పి, వాళ్ళు ఒప్పుకున్నాకే, గురువు అవతల కూర్చొని చూస్తుంటాడు, శిష్యుడు దారి తప్పుతుంటే లోపలికి ఫోన్ చేసి చెప్తాడు. ఆ రోజు నా వెనక అట్లా ఒక మనిషి ఉండుంటే ఆయన ఫ్యాను తిప్పినప్పుడే ఫోన్ మోగుండేది.

ఇంకోటి, అక్కడి ట్రైనింగుల్లో శిష్యుడి చేత ముందు తన ఇంటి పటమే గీయిస్తారు. మూడు తరాలది, జీనోగ్రామ్ అంటారు, మగవాళ్ళకు చదరం, ఆడవాళ్ళకు గుండ్రం, ఎవరికి ఎవరితో పడదో కూడా గీతల్లోనే తెలుస్తుంది. రక్తసంబంధంలో పెళ్ళయితే రెండు గీతలు గీయాలి. నేను పుస్తకం చూసుకుంటా మా ఇంటిది గీశా, మా అమ్మానాన్నా మేనరికం, మా పెద్దక్క మేనమామను చేసుకుంది, నా పెళ్ళి ఒక్కటే బయటి సంబంధం. ఆ రెండు గీతలు గీసీ గీసీ పెన్ను అరిగిపోయింది. మా అక్క మొగుడు నాకు మామనా బావనా అనేది చిన్నప్పుడే తేలలేదు, ఇప్పుడు కాగితం మీద అసలే తేలలా. నవ్వుకోడానికి బాగుంటుంది కానీ పని దగ్గర ఇదే అసలు కష్టం. అత్తంటే మేనత్తా, మొగుడి తల్లా అని పుస్తకాలు విడదీస్తాయి, మా దగ్గర చాలా ఇళ్ళల్లో ఇద్దరూ ఒకే మనిషి. కోడలు అత్త మీద ఫిర్యాదు చేస్తే తన నాయన తోబుట్టువు మీద చేసినట్టే, పుట్టింటికొస్తే ఆ ఇల్లు కూడా అత్త పుట్టిల్లే, ఇంక ఆ పిల్ల యాడికి పోవాల? మర్రే బోవెన్ అనే డాక్టరు ఒక మాట చెప్పాడు, ఇద్దరి మధ్య టెన్షన్ పెరిగితే తట్టుకోలేక మూడో మనిషిని మధ్యలోకి లాక్కుంటారు అని, త్రికోణం అంటాడు. మేనరికం ఇంట్లో ఆ మూడో మనిషి ముందు నుంచే ఉంటాడు. ఇట్లాంటివి తెలుగులో, మన ఇళ్ళ మీద నేర్పేవాళ్ళు కావాలి సార్, అనువాదం చేసిన పవర్‌పాయింట్లతో కాదు.

కువైట్ ఇళ్ళ గురించి రాయకపోతే కడప నుంచి రాసిన లేఖే కాదు. ఇంటి పనికి పోవాలంటే ఆడమనిషికి 30 ఏళ్ళు నిండాలని రూలుంది కదా, అంటే ఆమె విమానం ఎక్కేసరికి చాలా ఇళ్ళల్లో పిల్లలు బడికి పోతుంటారు. నాలుగైదేళ్ళు ఐఎంఓ వీడియో కాల్లో ముఖాలు చూసుకుంటా కాపురం నడుస్తుంది, తిరిగొచ్చేసరికి ఇల్లు మేడైంది, పిల్ల నాయనమ్మను అమ్మా అంటుంది, ఈమెను మీరు అంటుంది. ఆ మొగుడూ పెళ్ళాం మా దగ్గరికి వస్తే ఫిర్యాదు ఎప్పుడూ డబ్బు లెక్కే, నేను పంపింది ఏం చేశావ్, ఇల్లు కట్టా కనపడలేదా. లెక్క తేల్చి రాజీ రాసేస్తాం. పిల్ల మా వరండాలో కుర్కురే తింటా కూర్చొని ఉంటుంది, దాన్ని లోపలికి పిలవాలని కూడా మాకు తోచదు. ఫ్యామిలీ థెరపీలో అయితే ఆ పిల్లకీ ఒక కుర్చీ ఉంటుందంట.

మన దేశంలో ఎవరూ ఏమీ చెయ్యలేదా అంటే చేశారు. 1950ల్లో అమృత్‌సర్ మెంటల్ హాస్పిటల్లో డాక్టర్ విద్యాసాగర్ గారు పేషెంట్లతో పాటు ఇంటోళ్ళను కూడా ఆవరణలో టెంట్లేసి ఉంచి, వాళ్ళకు రోజూ అర్థమయ్యేట్టు చెప్పి పంపేవాడు. బెంగళూరులో నిమ్హాన్స్ అనే పెద్ద మానసిక వైద్య సంస్థలో ఫ్యామిలీ సైకియాట్రీ సెంటర్ ఉంది, కుటుంబాన్ని కుటుంబంగానే అడ్మిట్ చేసుకొని చూస్తారు. మా వాళ్ళు రాత్రి బస్సెక్కి పోయేది అక్కడికే, ఓపీ క్యూలో చెవి పెట్టి వింటే సీమ తెలుగు వినపడుతుంది. 1980ల్లో ఆ నిమ్హాన్స్ వాళ్ళే బళ్ళారి జిల్లాలో పల్లె హాస్పిటళ్ళ సిబ్బందికి ట్రైనింగ్ ఇచ్చి చేసి చూపిస్తే, 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఆ మోడల్ మీదే మొదలైంది. బళ్ళారి అంటే రాయదుర్గం దాటితే వచ్చేసే ఊరు సార్. అంత పక్కన పుట్టింది, అట్లాంటి ట్రైనింగు మా సెంటర్ దాకా రాలేదు.

మరి నేను యాడ చేరాలి? క్లినికల్ సైకాలజీలో ఆర్‌సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, గుర్తింపున్న కోర్సు చేద్దామంటే సీట్లు తక్కువ, ఊరు వదిలి పోవాలి, నాకు ఇద్దరు పిల్లలు, పైగా అందులో ఫ్యామిలీ థెరపీ ఒక ముక్క మాత్రమే. ఆన్‌లైన్‌లో అయితే వారం తిరక్కుండానే సర్టిఫైడ్ మ్యారేజ్ థెరపిస్ట్ అని సర్టిఫికెట్ ఇచ్చేస్తారు. నేనూ ఒకటి కట్టా, 4,999 రూపాయలు, వీడియోలు చూసి ఆన్సర్లు టిక్ పెడితే పీడీఎఫ్ వచ్చేసింది, అందులో నా పేరు తప్పుంది. 2021లో పార్లమెంటు అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం చేసింది, దాని షెడ్యూల్లో సైకాలజిస్టు ఉన్నారు, సోషల్ వర్కర్లు ఉన్నారు, ఫ్యామిలీ ప్లానింగ్ కౌన్సిలర్ కూడా ఉన్నారు. ఫ్యామిలీ థెరపిస్టు అనే పేరు మాత్రం లేదు. పిల్లలు ఎంతమంది అని అడిగేవాళ్ళకు పేరుంది, ఆ పిల్లల ఇంట్లో ఏం జరుగుతోందని అడిగేవాళ్ళకు లేదు.

ఇక నేను అడిగేది. కడపలో మేం రిమ్స్ అని పిలిచే ప్రభుత్వ హాస్పిటల్ ఉంది, యోగి వేమన యూనివర్సిటీ ఉంది. హాస్పిటల్ సైకియాట్రీ వాళ్ళూ యూనివర్సిటీ సైకాలజీ వాళ్ళూ కలిసి రెండేళ్ళ కోర్సు ఒకటి పెట్టండి, నిమ్హాన్స్‌ను పెద్దదిక్కుగా పెట్టుకోండి. వారంలో రెండు రోజులు క్లాసు, మిగతా రోజులు మేం పనిచేసే సెంటర్లోనే సూపర్విజన్, మా సెషన్లు ఇంకొకరు చూసి తప్పు చెప్పేట్టు. అద్దం గది ఖర్చనిపిస్తే ఒక కెమెరా, ఒక స్క్రీన్ చాలు. పదిమందితో మొదలుపెట్టండి. సర్వీసులో ఉన్నోళ్ళకు జీతం కట్ కాకుండా చూడండి, లేకుంటే ఎవరూ చేరరు. కేంద్రానికి ఆ షెడ్యూల్లో మా పేరు చేర్చమని ఒక ఉత్తరం రాయండి. మా సెంటర్లు స్త్రీ శిశు సంక్షేమ శాఖ కిందికి వస్తాయి, యూనివర్సిటీ ఇంకో శాఖ, హాస్పిటల్ మీది, కాబట్టి ఇది నా పరిధి కాదని మీరు అనొచ్చు. మూడు శాఖలకూ చుట్టాలమైనా ఎవరింటి పెళ్ళికీ పిలుపు రాని వాళ్ళం మేము, అందుకే ముగ్గురిలో డాక్టర్లు ఉన్న ఇంటికే రాస్తున్నా.

పెద్దమనుషులు ఉన్నారు కదా, కొత్తగా థెరపిస్టులెందుకు అని మా ఆఫీసులోనే ఒకాయన అన్నాడు. పొలం గట్టు తగాదా పెద్దమనుషులు బాగానే తెంపుతారు సార్, నేను చూశా. కానీ ఆ అరుగు మీద ఆడమనిషిని ఎవరూ విడిగా పిలిచి అడగరు. నేనూ అడగలా కదా.

ఈలోపు ఒక చిన్న పని, దీనికి బడ్జెట్ అక్కర్లేదు, జీవో కూడా అక్కర్లేదేమో. కొత్త రిజిస్టర్లు అచ్చేసేటప్పుడు మూడో గడి ఒకటి గీయించమని ఆ శాఖ వాళ్ళకు ఒక మాట చెప్పండి, "విడిగా మాట్లాడారా" అని. నేను ఇప్పుడున్న దాంట్లో స్కేలు పెట్టి గీసుకుంటున్నా, ఆడిట్‌కు వచ్చినాయన ఇదేంటని అడిగాడు.

ఇట్లు,
ఒక కాంట్రాక్టు కౌన్సిలర్, కడప
(పేరు రాస్తే మార్చిలో రెన్యువల్ ఆగుతుందేమోనని రాయలేదు, ఏమనుకోవద్దు)